ఇంజన్ కట్టించాక స్పార్క్ రావట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజన్ పూర్తిగా విప్పి, బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి, వారాల తర్వాత మొదటిసారి తాళం తిప్పుతాం. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ప్లగ్గు తీసి చూస్తే స్పార్క్ లేదు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మా నాన్నగారి అంబాసిడర్‌తో నేను మూడు రోజులు అనుభవించాను. మాది కోనసీమ. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కార్బురేటర్ మారుతి 800 లాంటి బళ్లను ఇంకా ప్రేమగా చూసుకుంటున్న వాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలకూ, ఆ మూడు రోజుల్లో నన్ను నేను వేసుకున్న ప్రశ్నలకూ జవాబులు ఇవి.

విప్పకముందు బండి బాగానే స్టార్టయ్యేది. ఇప్పుడు ఏ పార్టు పోయినట్టు?

చాలావరకు ఏ పార్టూ పోయి ఉండదు. విప్పి బిగించిన దగ్గరే ఎక్కడో తేడా వచ్చి ఉంటుంది. పిస్టన్లు, బేరింగులు మార్చినందువల్ల స్పార్క్ పోదు. వాటికోసం ఊడదీసిన వైర్లు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచేది), ఎర్త్ పట్టీ (ఇంజన్‌ను బాడీకి కలిపే అల్లిక పట్టీ) సరిగ్గా తిరిగి ఎక్కకపోతే పోతుంది. అందుకని కొత్త కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కు సరిపడేంత పెంచేది) కోసం రావులపాలెమో రాజమండ్రో బయల్దేరే ముందు, ఇంజన్ దించినప్పుడు ఏమేం ఊడదీశారో కాగితం మీద రాసుకోండి. మేస్త్రిగారినీ, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడినీ కూడా అడగండి. ఆ కాగితంలో ఉన్నవి చూడటం అయ్యాకే మిగతా వాటి జోలికి వెళ్లండి.

స్పార్క్ నిజంగా లేదని ఎలా తేల్చుకోవాలి?

పని చేస్తుందని తెలిసిన ప్లగ్గు ఒకటి తీసుకుని హెచ్.టీ. వైరుకు (ప్లగ్గుకు కరెంటు తెచ్చే లావు వైరుకు) తగిలించండి. ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఇనుముకు గట్టిగా ఆనించాలి. బ్యాటరీ జంప్ వైరు క్లిప్పుతో పట్టిస్తే చాలా మంచిది. రంగు వేసిన చోట కాకుండా శుభ్రమైన బోల్టు తల మీద పెట్టండి. ఎండలో స్పార్క్ కనిపించదు, షెడ్డులో గానీ సాయంత్రం గానీ చూడండి. ఆరోగ్యమైన స్పార్క్ నీలంగా ఉండి, టిక్ టిక్‌మని వినిపిస్తుంది. సన్నగా, ఎర్రగా, శబ్దం లేకుండా వస్తే బలం చాలడం లేదన్నమాట.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. విప్పిన ప్లగ్గు రంధ్రం పక్కన ఈ పరీక్ష చేయకండి, అందులోంచి పెట్రోలు ఆవిరి తన్నుకొస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పని దగ్గరికే రాకూడదు.

స్పార్క్ వచ్చేదాకా సెల్ఫ్ కొడుతూ ఉంటే ఏమవుతుంది?

కొత్తగా కట్టిన ఇంజన్‌కు అంతకంటే అన్యాయం లేదు. స్పార్క్ లేకుండా తిప్పుతుంటే కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదున్న ఆయిల్ పొరను కడిగేస్తుంది. రింగులు ఇంకా కుదురుకోని గోడలవి. ఆ పెట్రోలు కిందికి జారి సంపులోని (ఇంజన్ అడుగు తొట్టెలోని) ఆయిల్‌ను పలచన చేస్తుంది. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు, ట్యాపెట్లు కొత్తవి వేసి ఉంటే, బిగించేటప్పుడు వాటికి పూసిన గ్రీజు కూడా అరిగిపోతుంది. అసలు అరుగుదల అక్కడే మొదలవుతుంది.

పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో ఒకటి రెండు నిమిషాలు మోటారును చల్లారనివ్వండి. పరీక్షలు చేసేటప్పుడు ప్లగ్గులన్నీ విప్పి (స్పార్క్ చూసే ప్లగ్గును ఆ రంధ్రాలకు దూరంగా ఉంచి), పెట్రోలు పైపు తీసి మూతికి బిరడా పెట్టేస్తే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, తడవదు. ఇప్పటికే చాలాసేపు తిప్పేసి ఉంటే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే ఆయిల్ మార్చాల్సిందే. ఆ ఖర్చు చూసి వెనకాడకండి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఏది?

ఎర్త్. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకీ దానికీ కరెంటు దారి ఆ అల్లిక పట్టీ ఒక్కటే. ఇంజన్ దించినప్పుడు దాన్ని విప్పుతారు, ఎక్కించాక ఏ పెట్టె మూలో మర్చిపోతారు. బిగించినా, బ్లాకుకు కొత్తగా కొట్టిన రంగు మీద బిగిస్తారు. రంగు కరెంటును పోనివ్వదు. పట్టీ లేకపోతే సెల్ఫ్ మోటారు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ నీరసంగా తిరుగుతూ ఆ కేబుళ్లు వేడెక్కుతుంటే అనుమానమే అక్కర్లేదు.

బ్యాటరీ ఎర్త్ కొసనుంచి నేరుగా ఇంజన్ బ్లాకుకు ఒక జంప్ వైరు వేసి చూడండి. దాంతో స్పార్క్ వచ్చేస్తే పని అయిపోయినట్టే. పట్టీ ఆనే చోట రంగు గీకి, ఎమరీ పేపర్‌తో ఇనుము మెరిసేలా రుద్ది బిగించండి. మన దగ్గర, ముఖ్యంగా అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలికి ఆ మెరుపు నెలల్లోనే తుప్పవుతుంది. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య వోల్టేజీ చూడండి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగోలేదు. అదే సమయంలో బ్యాటరీ రెండు కొసల మధ్య 9.6 వోల్టుల కంటే తగ్గకూడదు. కొత్త రింగులతో ఇంజన్ బిగుతుగా ఉంటుంది, సెల్ఫ్ మామూలుకంటే ఎక్కువ కరెంటు లాగుతుంది, కాయిల్‌కు మిగిలేది తగ్గిపోతుంది. పాత బ్యాటరీతో ఈ పని పెట్టుకోకండి.

నా దగ్గర మీటర్ లేదు. టెస్టు బల్బుతో పని జరుగుతుందా?

పాయింట్ల బండికి బల్బే మేలని నా అభిప్రాయం. పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్ లోపల కలుస్తూ విడిపోతూ కాయిల్ కరెంటును కలిపి తెంపే చిన్న స్విచ్చు. 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బు ఒకటి, రెండు వైర్లు చాలు. కాయిల్ మీద రెండు చిన్న కొసలు ఉంటాయి. పాత లూకాస్ కాయిళ్ల మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటుంది, తర్వాతి వాటి మీద ప్లస్, మైనస్ గుర్తులు. మొదటిది తాళం నుంచి వచ్చే వైరుకు, రెండోది డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరుకు. ఇవి తారుమారైతే స్పార్క్ పూర్తిగా పోదు కానీ బలహీనపడుతుంది.

తాళం ఆన్ చేయండి. బల్బు ఒక వైరు ఎర్త్‌కు, రెండోది తాళం వైపు కొసకు పెట్టండి. వెలగాలి. వెలగకపోతే తాళం, ఫ్యూజు, వైరింగ్ దగ్గర లోపం, డిస్ట్రిబ్యూటర్ మూత విప్పే పనే లేదు. వెలిగితే ఆ వైరును డిస్ట్రిబ్యూటర్ వైపు కొసకు మార్చి, ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి. పాయింట్లు కలిసినప్పుడు బల్బు ఆరాలి, విడిపోయినప్పుడు వెలగాలి. అంటే మినుకుతూ ఉండాలి. ఇక్కడ ఏం కనిపించిందన్న దాన్ని బట్టే మిగతా జవాబులు.

తాళం ఆన్‌లోనే ఉంచి టీ తాగడానికి వెళ్లకండి. పాయింట్లు కలిసి ఉన్న చోట ఇంజన్ ఆగి ఉంటే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.

డిస్ట్రిబ్యూటర్ వైపు బల్బు అసలు వెలగడమే లేదు. తాళం వైపు వెలుగుతోంది.

మా బండిదీ ఇదే కథ, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వైరును ఊడదీసి చూడండి. అప్పుడు కాయిల్ కొస దగ్గర బల్బు వెలిగితే కాయిల్ లోపలి చుట్టు బాగానే ఉన్నట్టు. అప్పటికీ వెలగకపోతే కాయిల్ తెగిపోయింది. మాకు వెలిగింది. అంటే ఆ వైరో, పాయింట్లో, కండెన్సరో (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు తగ్గించే చిన్న డబ్బా), ఏదో ఒకటి ఎప్పుడూ ఎర్త్‌కు తగిలే ఉంది. పాయింట్లు విడిపోయినా కాయిల్‌కు ఆ సంగతి తెలియట్లేదు.

ఈ ముక్క తెలియక మొదటి రెండు రోజులు మేం కొనుక్కుంటూ పోయాం. కాయిల్ మార్చాం, కండెన్సర్ మార్చాం, పాయింట్లు మార్చాం. మూడో రోజు పక్క ఊరి నుంచి ఒక పెద్ద మేస్త్రిగారిని తీసుకొచ్చాను. కొబ్బరికాయల రాశి పక్కన బండి, ఆయన చేతిలో టార్చి. "ఇంకేం కొనకండి బాబూ, ఓ బల్బు తెండి చాలు" అన్నారు. బల్బు పెట్టి చూసి, వైరు ఊడదీసి చూసి, మూత తీసి నన్ను దగ్గరికి పిలిచారు. "ఆయ్, ఇదేనండి" అని స్క్రూడ్రైవర్ కొసతో చూపించారు.

లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో పాయింటు స్ప్రింగు కూర్చునే చిన్న ఇనుప స్తంభం ఒకటి ఉంటుంది. ఆ స్తంభం ఎర్త్. స్ప్రింగు దానికి తగలకూడదు. అందుకని కింద ఒక ఇన్సులేషన్ వాషరు, దాని మీద స్ప్రింగు కన్ను (కొసనున్న రంధ్రం), ఆపైన కండెన్సర్ వైరు, కాయిల్ వైరు కళ్లు, వాటన్నిటి మధ్యలోంచి దిగేలా టోపీ ఆకారంలో ఇంకో ఇన్సులేషన్ ముక్క, చివర నట్టు. వైర్ల కళ్లు ఆ టోపీ మెడ చుట్టూ ఉండి స్ప్రింగును తాకాలి, స్తంభాన్ని గానీ నట్టును గానీ తాకకూడదు. మాకు బిగించిన కుర్రాడు వైర్ల కళ్లను టోపీ పైన, నట్టు కింద పెట్టాడు. చూడటానికి అన్నీ ఉన్నాయి, నట్టు బిగుతుగానే ఉంది. కరెంటు మాత్రం నట్టులోంచి స్తంభంలోకి, స్తంభంలోంచి ఎర్త్‌కు నేరుగా పోతోంది. పాయింట్లు మార్చినప్పుడు మేం కూడా ముందున్న వరస చూసి అలాగే బిగించాం. వేలిగోరంత ముక్క స్థానం మారితే మూడు రోజులు పోయాయి. వరస సరిచేశాక బల్బు మినికింది, స్పార్క్ నీలంగా వచ్చింది.

ఆ వరస సరిగ్గానే ఉంటే, కండెన్సర్ వైరు ఊడదీసి చూడండి. అప్పుడు బల్బు వెలిగితే కండెన్సర్ లోపల షార్టయింది. డిస్ట్రిబ్యూటర్ లోపలికి వెళ్లే వైరు ఒంటి అంచు దగ్గర ఒలిచుకుపోయి తగులుతోందేమో కూడా చూడండి.

బల్బు వెలిగే ఉంది, సెల్ఫ్ కొట్టినా మినకడం లేదు.

పాయింట్లు కలవడం లేదు, లేదా కలిసినా కరెంటు దాటడం లేదు. మూడు చూడండి. మొదటిది, మూత తీసి సెల్ఫ్ కొట్టినప్పుడు రోటర్ (మూత కింద తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకూ కరెంటు అందించే ముక్క) తిరుగుతోందా? తిరగకపోతే డిస్ట్రిబ్యూటర్ దాన్ని తిప్పే గేరులో (డ్రైవులో) కూర్చోలేదు. రెండోది, పాయింట్లు పూర్తిగా విడిపోయినప్పుడు వాటి మధ్య గ్యాపు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కు 0.35 నుంచి 0.40 మి.మీ. ఫీలర్ గేజ్‌తోనే (సందు కొలిచే పల్చటి రేకులతోనే) పెట్టాలి, కంటి అంచనా పనికిరాదు. మూడోది చాలామందికి తట్టదు: కొత్త పాయింట్ల ముఖాలకు తుప్పు పట్టకుండా పల్చటి నూనె పొర ఉంటుంది. పెట్రోలులో తడిపిన మందపాటి కాగితాన్ని మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే పోతుంది.

ఇవి బాగుంటే, పాయింట్లు కూర్చున్న పళ్లేన్నీ డిస్ట్రిబ్యూటర్ ఒంటినీ కలిపే చిన్న అల్లిక వైరు తెగిందేమో చూడండి. పెయింటు వేసిన బ్లాకులో డిస్ట్రిబ్యూటర్‌కే ఎర్త్ అందక కూడా ఇలా అవుతుంది.

బల్బు చక్కగా మినుకుతోంది. కాయిల్ పెద్ద వైరు నుంచి స్పార్క్ వస్తోంది. ప్లగ్గులకు మాత్రం రావట్లేదు.

మూత, రోటర్, ప్లగ్గు వైర్లు. ఈ మూడిట్లోనే ఉంది. మూత లోపల మధ్యలో స్ప్రింగుతో కదిలే కార్బన్ ముక్క ఉండాలి. అది రాలిపోయి గ్యారేజీ నేల మీద పడి ఉంటుంది. రోటర్ పెట్టడమే మర్చిపోయిన బళ్లూ ఉన్నాయి. మూతలో పెన్సిలు గీతలాంటి నల్లటి చార కనిపిస్తే అక్కడ పగులు ఉన్నట్టు, కొత్త మూత వేయండి.

రోటర్ కూడా లోపల్లోపల షాఫ్టులోకి కరెంటు వదిలేయగలదు. కాయిల్ పెద్ద వైరు కొసను రోటర్ మధ్య ఇత్తడికి మూడు మిల్లీమీటర్ల ఎత్తులో నిలిపి, ఇన్సులేషన్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో పాయింట్లు విడదీయండి. స్పార్క్ రోటర్‌లోకి దూకితే అది పోయినట్టే. ఇది పాయింట్ల బళ్లకు మాత్రమే, ఎలక్ట్రానిక్ వాటికి వద్దు.

ఇక డెల్టా తేమ సంగతి. పుష్యమాసంలో కాలవగట్టు పక్కనున్న షెడ్డులో తెల్లవారుజామున మూత తీస్తే లోపల మంచుబిందువులు కనిపిస్తాయి. పొడి నూలు గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి. చీకట్లో బానెట్ ఎత్తి సెల్ఫ్ కొడితే, కరెంటు కారే వైర్ల వెంట నీలి మెరుపులు కంటికే కనిపిస్తాయి.

స్పార్క్ ఉంది. అయినా స్టార్టవ్వదు, కార్బురేటర్‌లోంచి టప్‌మని వెనక్కి కొడుతోంది.

స్పార్క్ తప్పుడు సమయానికి వస్తోంది. పిస్టన్ ఒక్కో చక్రంలో రెండుసార్లు పైకి వస్తుంది. ఒకసారి కంప్రెషన్‌కు, ఒకసారి పొగ బయటకు నెట్టడానికి. పుల్లీ గుర్తు రెండిటికీ ఒకటే. గుర్తు చూసి రెండోసారి వచ్చినప్పుడు డిస్ట్రిబ్యూటర్ బిగిస్తే సగం చుట్టు తేడా వస్తుంది.

ఒకటో ప్లగ్గు తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి, పుల్లీ నట్టును పానాతో తిప్పండి. గాలి వేలిని నెట్టేస్తూ వస్తుంటే అది కంప్రెషన్. అలా గుర్తు దగ్గరికి తెచ్చి ఆపండి. అప్పుడు రోటర్ ఒకటో ప్లగ్గు వైరు వైపు చూస్తుండాలి. అంబాసిడర్ 1489 సీసీ (బీ-సిరీస్) ఇంజన్‌కు రోటర్ అపసవ్యంగా తిరుగుతుంది, వైర్లు అదే దిశలో 1-3-4-2 వరసలో ఉండాలి. డిస్ట్రిబ్యూటర్ కింది నాలుక మధ్యకు కాకుండా పక్కకు ఉంటుంది కాబట్టి డ్రైవులో ఒకే తీరుగా కూర్చుంటుంది. కానీ ఇంజన్ కట్టేటప్పుడు ఆ డ్రైవు గేరునే తీసి తప్పుగా పెట్టి ఉండొచ్చు. సగం చుట్టే తేడా అయితే ప్లగ్గు వైర్లను ఎదురెదురు గూళ్లకు మార్చినా ఇంజన్ నడుస్తుంది. నేనైతే గేరు తీయించి సరిగ్గా పెట్టిస్తాను. లేకపోతే తర్వాత చేయి పెట్టిన ప్రతి మేస్త్రీ తికమకపడతాడు.

తాళం వదిలే క్షణంలో మాత్రమే అందుకున్నట్టు అనిపిస్తుంది. ఎందుకు?

బ్యాలాస్ట్ రెసిస్టర్ (మామూలుగా నడిచేటప్పుడు కాయిల్‌కు వెళ్లే వోల్టేజీని తగ్గించేది) ఉన్న బళ్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కు పూర్తి వోల్టేజీ అందించే వేరే వైరు ఉంటుంది. అది తగిలించడం మర్చిపోయి ఉంటారు. దీనికి తలకిందులుగా, సెల్ఫ్ కొడుతుంటే అందుకుని తాళం వదలగానే ఆగిపోతే బ్యాలాస్ట్ తెగింది. కాయిల్ మార్చేటప్పుడు కూడా జాగ్రత్త: బ్యాలాస్ట్ కాయిల్ ప్రైమరీ సుమారు 1.5 ఓం, మామూలు కాయిల్ సుమారు 3 ఓం. ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు.

మాది మారుతి 800. ఇవన్నీ వర్తిస్తాయా?

కార్బురేటర్ బండికి చాలావరకు వర్తిస్తాయి. మూడు సిలిండర్లు, వరస 1-3-2. డిస్ట్రిబ్యూటర్ క్యామ్‌షాఫ్టు మీంచి తిరుగుతుంది కాబట్టి టైమింగ్ బెల్టు ఒక పన్ను తప్పితే వాల్వులతో పాటు స్పార్కూ తప్పుతుంది.

ఇంజెక్షన్ బళ్లలో మాత్రం ముందు క్రాంక్ సెన్సార్‌ను (ఇంజన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు చెప్పేదాన్ని) చూడండి. దాని కనెక్టరు పెట్టకపోవడం, వైరు గేర్‌బాక్సు కింద నలగడం, సెన్సార్ పూర్తిగా లోపలికి కూర్చోకపోవడం ఎక్కువ. స్కానర్ పెట్టి సెల్ఫ్ కొడితే ఆర్‌పీఎం సున్నా చూపిస్తే అదే. ఈ బళ్లలో టెస్టు బల్బుతో కంప్యూటర్ వైర్లను గుచ్చకండి.

వరదలో మునిగిన బండికి ఇంజన్ కట్టించాం. వేరే ఏమైనా చూడాలా?

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు లంకల్లో ఇళ్లలోకే నీళ్లొచ్చాయి. అలా మునిగిన బండికి ఇంజన్ కట్టించినప్పుడు డిస్ట్రిబ్యూటర్‌ను పైపైన తుడిచి పెట్టేస్తారు. పాయింట్ల పళ్లెం కింద అడ్వాన్స్ బరువులు (వేగాన్ని బట్టి స్పార్క్‌ను ముందుకు జరిపేవి), స్ప్రింగులు ఉంటాయి. గోదారి ఒండ్రు అక్కడ సిమెంటులా గట్టిపడుతుంది. పూర్తిగా విప్పి కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె వేయించండి. తాళం వెనక కనెక్టర్లలో పచ్చగా పట్టిన చిలుము కూడా గీకాలి.

వరి కోతల తర్వాత షెడ్డులో ఆగి ఉన్న బండికి ఎలుకల బెడద ఉంటుంది. గొట్టం లోపలున్న వైరును కొరికితే పైకి తెలియదు. వైరును వేళ్ల మధ్య పట్టి ఆ చివరినుంచి ఈ చివరిదాకా తడుముతూ రండి.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ వేయిస్తే పీడ పోతుందా?

మంచి కిట్ అయితే రోజూ నడిపే బండికి హాయే. కానీ స్పార్క్ లేని బండికి ఇప్పుడే వేయకండి. అసలు లోపం ఎర్త్‌లోనో తాళంలోనో ఉంటే కిట్ కూడా పనిచేయదు, పైగా రెండు సమస్యలవుతాయి. బాగా పాత బళ్లలో బ్యాటరీ ప్లస్ బాడీకి ఉంటుంది, కిట్ దానికి తగ్గది కాకపోతే తాళం తిప్పగానే కాలిపోతుంది. ముందు పాయింట్లతో నడిపించండి.

స్పార్క్ వచ్చేసింది. ఇక స్టార్ట్ చేయడమేనా?

ప్లగ్గులు పెట్టకముందే, పెట్రోలు పైపు ఊడదీసే ఉంచి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా విడతలు విడతలుగా సెల్ఫ్ కొట్టండి. టైమింగ్ కూడా ఆగి ఉన్న ఇంజన్ మీదే బల్బుతో పెట్టుకోవచ్చు. పుల్లీని మాన్యువల్ చెప్పిన గుర్తుకు తెచ్చి, క్లాంపు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్ ఒంటిని మెల్లగా తిప్పుతూ బల్బు వెలిగిన క్షణాన బిగించండి. తర్వాత ప్లగ్గులు 0.64 మి.మీ. గ్యాపుతో పెట్టి, పైపు తగిలించండి.

కొత్త క్యామ్‌షాఫ్టు, ట్యాపెట్లు వేసి ఉంటే అందుకోగానే ఐడిలింగ్‌లో వదలకండి. దాదాపు 2000 ఆర్‌పీఎం దగ్గర ఇరవై నిమిషాలు నడపండి, నీళ్ల వేడి మీద కన్నేసి ఉంచండి. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక డిస్ట్రిబ్యూటర్ మూత మళ్లీ తీయండి. కొత్త పాయింట్ల మడమ (డిస్ట్రిబ్యూటర్ లోపలి క్యామ్‌కు రాసుకునే చోటు) ఆ పాటికి అరిగి గ్యాపు తగ్గి ఉంటుంది. ఫీలర్ గేజ్ పెట్టి సరిచేసి, క్యామ్ మీద మినపగింజంత గ్రీజు పూసి మూత పెట్టండి.